హాల్లో గుర్తు రానిది ఆటో ఎక్కగానే ఎందుకు గుర్తొస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని గుణుపురం నుంచి ఒకరు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. ఇంట్లో గడగడా అప్పజెప్పినవి హాల్లో కూర్చోగానే మాయమవుతున్నాయి, బయటికొచ్చి ఆటో ఎక్కాక ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి అమ్మగారు (58 ఏళ్లు, షుగరు ఉంది) పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారు, చెప్పిందే మళ్లీ చెబుతున్నారు. ఒత్తిడికి మెదడు కణాలు చచ్చిపోతాయా, పోయిన జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా, మందుల షాపువాడు ఇచ్చిన టానిక్కు పనిచేస్తుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చదివింది ఎక్కడికీ పోలేదు. ఆటోలో గుర్తొచ్చిందంటేనే అది మెదడులో భద్రంగా ఉన్నట్టు. ఒత్తిడి హార్మోన్లు పొంగి ఉన్న ఆ గంటసేపు దాన్ని పైకి తీయడం కష్టమవుతోంది, అంతే. పరీక్షల బెంగకు మెదడు కణాలు చావవు. అమ్మగారి సంగతి మాత్రం మీదానితో కలిపి చూడకండి. అది దుఃఖం వల్లే కావచ్చు, కానీ ఆ వయసులో, షుగరున్న మనిషికి "టెన్షనే" అని తేల్చేసే ముందు నాలుగైదు రక్తపరీక్షలు చేయించి తీరాలి. టానిక్కు ఇద్దరికీ అక్కర్లేదు.

ఇప్పుడు కారణాలు.

జ్ఞాపకం అంటే మూడు పనులు: విన్నదాన్ని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని నిలవ చేయడం, కావలసినప్పుడు పైకి తీయడం. ఒత్తిడి ఈ మూడింటినీ ఒకేలా పాడుచేయదు. ఒకదాన్ని చెడగొడుతుంది, ఇంకోదానికి సాయం కూడా చేస్తుంది. అన్నిటికీ కలిపి "మతిమరుపు" అనేస్తే మందూ తప్పుతుంది, ఉపాయమూ తప్పుతుంది.

సాయం చేస్తుందంటే నమ్మకం కలగకపోతే బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు ఎవరినైనా 2013 అక్టోబరు 12 రాత్రి గురించి అడిగి చూడండి. ఫైలిన్ తుపాను తీరం దాటిన ఆ రాత్రి ఎవరు ఏ గదిలో నక్కారో, ముందు ఏ రేకు లేచిందో, కొవ్వొత్తి ఎక్కడ పెట్టారో చెబుతారు. దానికి వారం ముందు ఏం కూర వండుకున్నారంటే చెప్పలేరు. పర్లాకిమిడి వాళ్లకైతే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన తిత్లీ అలాంటిది. భయం కలిగిన క్షణాన అడ్రినలిన్, నారడ్రినలిన్ పెరుగుతాయి. మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా మేలుకుని, పక్కనే ఉండి జ్ఞాపకాలను పట్టుకునే హిప్పోక్యాంపస్‌కు "ఇది గట్టిగా రాసిపెట్టు" అన్నట్టు సంకేతం ఇస్తుంది. 1994లో కాహిల్, మెక్‌గా బృందం కొందరికి ప్రొప్రనలాల్ మాత్ర ఇచ్చి ఒక బాధాకరమైన కథ చూపించింది. అడ్రినలిన్ పనిని ఆపే ఆ మాత్ర వేసుకున్నవాళ్లకు కథలో మనసును కలచే భాగం తక్కిన భాగాలకన్నా మెరుగ్గా ఏమీ గుర్తులేదు. మాత్ర వేసుకోనివాళ్లకు అదే భాగం బాగా గుర్తుంది.

(గట్టిగా గుర్తున్నదంతా సరిగ్గా గుర్తున్నట్టు కాదు. 1986లో ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలిన మర్నాడు విద్యార్థుల చేత ఆ కబురు ఎక్కడ, ఎలా విన్నారో రాయించి, రెండున్నరేళ్ల తరవాత మళ్లీ అడిగారు. చాలామంది వేరే కథ చెప్పారు, అదీ పూర్తి ధీమాతో. తుపాను కబుర్ల దగ్గర అన్నదమ్ములు వాదించుకుంటుంటే ఇది గుర్తు తెచ్చుకోండి.)

హిప్పోక్యాంపస్ అనేది రెండు కణతల లోపల ఒక్కోవైపు ఒక్కోటి, చిటికెనవేలంత ఉండే భాగం. కొత్త విషయాలను పట్టుకుని నిలవకు పంపేది ఇదే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛ తగ్గడానికని రెండువైపులా దీన్ని చాలావరకు తీసేశారు. 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్తగా కలిసిన మనిషి గుర్తులేడు, చిన్ననాటి సంగతులు మాత్రం ఉన్నాయి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ అతుక్కునే గ్రాహకాలు మెదడులో అత్యధికంగా ఉన్న చోట్లలో ఇదొకటి. బ్రూస్ మెక్‌ఈవెన్ 1968లో ఎలుకల్లో కనిపెట్టిన సంగతి ఇది. అంటే ఒత్తిడి జ్ఞాపకం మీద పడటం కాకతాళీయం కాదు, ఆ హార్మోను వచ్చి తగలడానికి అక్కడ ఏర్పాటే ఉంది.

మీ సమస్యకు అసలు తాళంచెవి గడియారం. భయం పుట్టగానే సెకన్లలో అడ్రినలిన్ వస్తుంది: గుండె దడ, చెమట, నోరెండిపోవడం. కార్టిసాల్ అలా రాదు. హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడినుంచి రక్తంలోకి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురు చేరి, అవి కార్టిసాల్‌ను వదిలి, అది మెదడుకు వచ్చేసరికి పావుగంట దాటుతుంది. భయం మొదలైన 20 నుంచి 30 నిమిషాలకు అది శిఖరానికి చేరుతుంది. భయం తగ్గాక గంట, గంటన్నరలో మామూలుకు దిగుతుంది.

ఇప్పుడు మీ పరీక్ష రోజు ఊహించుకోండి. గేటు దగ్గర క్యూలో నిలబడి, పక్కవాడు "అది చదివావా, ఇది చదివావా" అంటుంటే గుండె దడ మొదలవుతుంది. తనిఖీ, వేలిముద్ర, ఫొటో అయి సీట్లో కూర్చునేసరికి అరగంట. అంటే సరిగ్గా మొదటి ప్రశ్న తెరమీదికి వచ్చే వేళకు కార్టిసాల్ శిఖరాన ఉంటుంది. పరీక్ష అయిపోయింది, ఇక చేసేదేమీ లేదు, మనసు వదులైంది, హార్మోను దిగింది, ఆటోలో జవాబు వచ్చింది. మీ మెదడు మామూలుగా ఎలా ఉండాలో అలాగే ఉంది.

దీనికి ప్రయోగం కూడా ఉంది. 1998లో డి క్వెర్వాన్ బృందం ఎలుకలకు నీళ్ల తొట్టిలో మెట్టు ఎక్కడుందో నేర్పి, మర్నాడు పరీక్షించే ముందు కరెంటు షాకు ఇచ్చింది. షాకు ఇచ్చిన 2 నిమిషాలకు పరీక్షిస్తే మెట్టు దొరికింది, 4 గంటలకు పరీక్షించినా దొరికింది, 30 నిమిషాలకు పరీక్షించినప్పుడు మాత్రం తడబడ్డాయి. 2000లో అదే పని మనుషుల మీద చేశారు. పరీక్షకు గంట ముందు 25 మిల్లీగ్రాముల కార్టిజోన్ మింగినవాళ్లు ముందురోజు నేర్చుకున్న పదాలను తక్కువగా గుర్తు తెచ్చుకున్నారు. నేర్చుకునే ముందో, నేర్చుకున్న వెంటనేనో మింగితే అంత తేడా లేదు. చదువు పోలేదు, తీయడం దగ్గరే అడ్డం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇది ఒక్క కార్టిసాల్ పని కాదు, ఇంకోటి ఉంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది లెక్క వేస్తూ మధ్య అంకెలు మనసులో పట్టుకోవడం, ప్రశ్న చివరిదాకా చదివేలోపు మొదలు మర్చిపోకుండా ఉండటం లాంటి పని. మనసులో ఒకేసారి పట్టుకోగలిగేవి నాలుగు విషయాల దాకానే. నారడ్రినలిన్, డోపమిన్ మితంగా ఉంటే ఆ భాగం చురుగ్గా పనిచేస్తుంది, మితిమీరితే సద్దుమణిగి, అలవాటుగా చేసే పనులను నడిపే భాగాలకు పగ్గాలు అప్పగిస్తుంది. అందుకే కంగారులో పాత పద్ధతిలోనే లెక్క చేస్తూ పోతాం, సులువైన దారి కళ్లముందున్నా కనబడదు.

మన సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇక్కడ అదనపు బరువొకటి ఉంది, ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచింగు ఇంగ్లీషు-హిందీ కలగలుపు, పరీక్ష ఇంగ్లీషులో. ఏ భాషలో నేర్చుకున్నామో ఆ భాషలో అడిగితే జ్ఞాపకం తొందరగా పైకి వస్తుంది. భాష మారితే లోపల ఒక మార్పిడి జరగాలి. తీరిగ్గా ఉన్నప్పుడు అది తెలియనే తెలియదు. కంగారులో మనసు పట్టుకోగలిగే ఆ నాలుగు గళ్లలో ఒకటి భయానికి, ఒకటి భాష మార్పిడికి పోతే లెక్కకు మిగిలేది రెండే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి పిల్లలు "నాకు తెలివి తక్కువ" అనుకునే సందర్భాల్లో చాలావాటికి ఇదే కారణమని నా అభిప్రాయం. అర్థం చేసుకోవడం తెలుగులో చేయండి, ఒడియాలో చేయండి, తప్పు లేదు. చివరి విడత అప్పజెప్పుకోవడం మాత్రం పరీక్ష భాషలోనే చేయండి.

ఇక ఏం చేయాలో చెబుతాను. అన్నిటికన్నా ఫలితం ఉన్నదాన్ని ముందు చెప్పి, దానిమీదే ఎక్కువ సేపు ఉంటాను.

పుస్తకం మూసి చదవండి. చదివిందే నాలుగుసార్లు చదవడం, పసుపు గీతలు గీయడం వల్ల "నాకు వచ్చేసింది" అన్న భ్రమ కలుగుతుంది తప్ప కంగారులో నిలబడే జ్ఞాపకం తయారవదు. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 120 మందికి పదాలు, బొమ్మలు ఇచ్చారు. సగంమంది మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నారు, సగంమంది చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ నేర్చుకున్నారు. మర్నాడు కొందరిని నలుగురి ముందు నిలబెట్టి ఉపన్యాసం చెప్పించి, లెక్కలు చేయించి, కార్టిసాల్ పెరిగే వేళకు, అంటే పాతిక నిమిషాల తరవాత, పరీక్ష పెట్టారు. చూసి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో తగ్గిపోయారు. గుర్తు తెచ్చుకుంటూ నేర్చుకున్నవాళ్లకు ఒత్తిడి ఉన్నా లేకున్నా ఒకటే. మీ సమస్యకు ఇంత సూటిగా సరిపోయే ప్రయోగం ఇంకోటి లేదు.

చేసే తీరు: ఒక అధ్యాయం 25 నిమిషాలు చదవండి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా 10 నిమిషాలు రాయండి. ఆగిపోయిన చోట వెంటనే పుస్తకం తెరవొద్దు, ఒక నిమిషం పెనుగులాడండి. ఆ పెనుగులాటే పనిచేసేది. తరవాత తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగుతో రాయండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు మళ్లీ మూసే రాయండి. రెండోసారి సగమే వస్తే బెంగపడొద్దు. సులువుగా వస్తున్నప్పుడే రాస్తే ఎంత లాభమో, కొంచెం మరపు పడ్డాక రాస్తే అంతకన్నా ఎక్కువ లాభం. చాలామంది ఇక్కడే "నాకు ఈ పద్ధతి పడదు" అని మళ్లీ గీతలు గీయడానికి వెళ్లిపోతారు.

కంగారును కూడా సాధన చేయాలి. నమూనా పరీక్షలు మంచం మీద, టీ తాగుతూ రాస్తే అవి పరీక్షలు కావు. వారానికి ఒకటైనా అసలు పరీక్ష వేళకే, తెలియని చోట, గ్రంథాలయంలోనో స్నేహితుడి ఇంట్లోనో, గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయండి. పక్కన ఒకరు కూర్చుని చూస్తుంటే మరీ మంచిది. అదే రకం పరిస్థితి పదేపదే ఎదురైతే కార్టిసాల్ స్పందన చాలామందిలో తగ్గుతూ వస్తుంది.

పరీక్షా కేంద్రం విశాఖలోనో భువనేశ్వర్‌లోనో పడితే రాత్రి బస్సెక్కి పొద్దున దిగి, స్టాండులో మొహం కడుక్కుని నేరుగా హాలుకు వెళ్లే పని పెట్టుకోకండి. నిద్రలో, ముఖ్యంగా రాత్రి మొదటి సగంలో వచ్చే గాఢనిద్రలో, హిప్పోక్యాంపస్ పగటి పాఠాన్ని మళ్లీ మళ్లీ తిప్పి మెదడు పైపొరకు అప్పగిస్తుంది. ఆ నిద్ర చెడితే రెండు నష్టాలు: ముందురోజు చదివింది సరిగ్గా నిలవదు, మర్నాడు చిన్నదానికే దడ ఎక్కువవుతుంది. ముందురోజే దిగి, ఏడు గంటలు పడుకోండి. డబ్బు ఖర్చనుకుంటే పరీక్ష ఫీజు, కోచింగు ఫీజు గుర్తు చేసుకోండి. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీ వద్దు, తాగిన కెఫీన్‌లో సగం అయిదారు గంటల తరవాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

గేటు దగ్గర గుంపులో నిలబడకండి. కేంద్రం ఎక్కడో చూసుకుని, కాస్త దూరంగా కూర్చోండి. అప్పుడు చేసే ఊపిరి పని: ముక్కుతో నాలుగు లెక్కపెట్టే దాకా పీల్చడం, ఆరు నుంచి ఎనిమిది లెక్కపెట్టే దాకా వదలడం, అయిదు నిమిషాలు. వదలడం పొడవుగా ఉంటేనే వేగస్ నాడి గుండెను నెమ్మది చేస్తుంది. "గట్టిగా ఊపిరి పీల్చు" అని పెద్దవాళ్లు చెప్పేది సగం సలహానే. గబగబా గట్టిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, భయం పెరుగుతుంది. ఇది ఇంట్లో రెండు వారాలు రోజూ చేసి ఉండాలి, మొదటిసారి గేటు దగ్గర చేస్తే పనిచేయదు.

బెంగలన్నీ ఒక కాగితం మీద పది నిమిషాలు రాసి పారేయమని కూడా చెబుతారు. 2011లో షికాగోలో దాంతో మార్కులు పెరిగినట్టు తేలింది, తరవాత చేసిన ప్రయోగాల్లో అందరికీ అంత ఫలితం రాలేదు. ఖర్చు లేదు, చేసి చూడండి.

హాల్లో ప్రశ్న ఖాళీగా కనిపిస్తే దాని మీదే కళ్లు పెట్టి కూర్చోవద్దు. గుర్తు పెట్టి వదిలేసి, తెలిసినవి చేయండి. మొదటి అరగంట శిఖరం అని చెప్పాను కదా, కష్టపడి గుర్తు తెచ్చుకోవాల్సిన ప్రశ్నలు రెండో సగానికి వాయిదా వేస్తే హార్మోను దిగే వేళకు అవి వస్తాయి. విభాగానికి విభాగం సమయం కట్టేసే పరీక్షల్లో ఈ వెసులుబాటు తక్కువ, అక్కడ విభాగంలోపలే ముందు వెనకలు మార్చుకోవాలి.

"కణాలు చచ్చిపోతాయా" అన్నదానికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ భయం పత్రికల నుంచి, వీడియోల నుంచి వచ్చింది, పూర్తిగా గాలికబురు కాదు. ఎలుకలను రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు ఇరుకు గొట్టంలో కదలకుండా ఉంచితే హిప్పోక్యాంపస్‌లో సి.ఎ.3 అనే చోట కణాల కొమ్మలు కురచయ్యాయి. మన దేశంలోనే, బెంగళూరులో సుమంత్ర చట్టర్జీ, శంకరనారాయణరావు బృందం 2002లో ఇంకో సంగతి చూపింది. రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా ఉంచితే హిప్పోక్యాంపస్‌లో కొమ్మలు కురచైతే, అమిగ్డలాలో మాత్రం పెరిగాయి. అంటే దీర్ఘకాల ఒత్తిడిలో గుర్తుంచుకునే భాగం కుదించుకుంటుంటే భయపడే భాగం బలుస్తోంది. చిన్నదానికి ఉలిక్కిపడుతూ, పెద్దది మర్చిపోతూ ఉండే మనిషి మీకు తెలిసే ఉంటారు.

ఇక్కడ గమనించాల్సింది, కురచైనవి కొమ్మలు, కణం కాదు. తిత్లీలో కొమ్మలు విరిగి మోడులా నిలబడ్డ జీడిచెట్టు లాంటిది అది, వేరు బతికే ఉంది. హిప్పోక్యాంపస్‌లో ఒత్తిడి ఆపాక కొన్ని వారాల్లో కొమ్మలు మళ్లీ వేశాయి. అమిగ్డలాలోది అంత తొందరగా తగ్గదు, అందుకే పరిస్థితి చక్కబడ్డాక కూడా భయం కొన్నాళ్లు వెంటాడుతుంది. మనుషుల్లోనూ ఇలాంటి ఆధారమే ఉంది. 2009లో న్యూయార్కులో పెద్ద పరీక్షకు నెలరోజులు చదువుతున్న వైద్యవిద్యార్థులను పరీక్షిస్తే ఒక విషయం నుంచి ఇంకో విషయానికి ధ్యాస మళ్లించడంలో వెనకబడ్డారు. పరీక్ష అయి నెల తీరిగ్గా గడిపాక మిగతావాళ్లతో సమానమయ్యారు. ఒంట్లో కార్టిసాల్ విపరీతంగా తయారయ్యే కుషింగ్ జబ్బులో హిప్పోక్యాంపస్ చిన్నదవుతుంది, చికిత్సతో హార్మోను తగ్గితే కొంత తిరిగి పెరుగుతుంది.

ఇప్పుడు అమ్మగారు.

పాలు పొంగిపోవడం చాలాసార్లు మరపు కాదు, ధ్యాస లేకపోవడం. పొయ్యి మీద పెట్టిన క్షణంలో మనసు ఇంకెక్కడో ఉంటే మెదడు దాన్ని పట్టుకోనే లేదు, పట్టుకోనిదాన్ని గుర్తు తెచ్చుకోవడం ఎలా? దుఃఖంలో, నిద్రలేమిలో, దిగులు జబ్బులో (డిప్రెషన్) జరిగేది ఎక్కువగా ఇదే. తేడా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పని చేయొచ్చు. ఆవిడ స్థిమితంగా ఉన్న వేళ, ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు మాటలు చెప్పి తిరిగి చెప్పించుకోండి: ముక్కుపుడక, కొబ్బరికాయ, చెరువు, గొడుగు, కాకి. పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి మళ్లీ అడగండి. రానివాటికి ఆనవాలు ఇవ్వండి: "ఒక నగ", "ఒక పక్షి". ఆనవాలు ఇవ్వగానే వస్తే విషయం లోపల ఉన్నట్టు, దిగులు, ఒత్తిడి, థైరాయిడ్ లాంటివాటిలో ఇలా ఉంటుంది. ఆనవాలు ఇచ్చినా, "ముక్కుపుడకా, గాజులా" అని రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నా రాకపోతే, అసలు మీరు మాటలు చెప్పిన సంగతే గుర్తులేకపోతే, హిప్పోక్యాంపస్‌లోనే లోపం ఉందేమో చూడాలి. ఇది రోగనిర్ధారణ కాదు, డాక్టరు దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలో చెప్పే కొలత మాత్రమే.

ఇంకో గుర్తు. దిగులు వల్ల మరపున్న మనిషి తనే "నాకేమీ గుర్తుండటం లేదు" అని వాపోతారు, తేదీతో సహా ఎప్పుడు మొదలైందో చెబుతారు. మతిభ్రంశం (డిమెన్షియా) మొదలవుతున్నవాళ్లు చాలామంది "నాకేం, బానే ఉన్నాను" అంటారు, కంగారుపడేది ఇంట్లోవాళ్లు. మీరు రాసినదాంట్లో "చెప్పిందే మళ్లీ చెబుతోంది" అన్న ముక్క నాకు పాలు పొంగడం కన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. పది నిమిషాల్లో అదే ప్రశ్న అదే మాటల్లో అడుగుతున్నారా, లేక నాన్నగారి సంగతే తలుచుకుని తలుచుకుని చెబుతున్నారా? రెండోది దుఃఖం, మొదటిదానికి పరీక్ష కావాలి.

చేయించాల్సినవి: హిమోగ్లోబిన్, విటమిన్ బి12, టి.ఎస్.హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు (మూడు నెలల సగటుతో సహా), సోడియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), బీపీ. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బి12 తగ్గడం మామూలే, గ్యాసు మాత్ర కూడా రోజూ వేసుకుంటుంటే మరీను. అది సూదులతో, మాత్రలతో బాగయ్యే మతిమరుపు, టెన్షనని వదిలేస్తే నరాలు దెబ్బతింటాయి. షుగరు పడిపోయినప్పుడు కూడా అయోమయం వస్తుంది, ఏ వేళల్లో మరపు ఎక్కువో రాసిపెట్టండి.

పరీక్ష ఏ భాషలో జరుగుతోందో చూసుకోండి. బరంపురం ఎం.కె.సి.జి. వైద్యకళాశాలకో కొరాపుట్ వైద్యకళాశాలకో వెళితే జ్ఞాపకశక్తి ప్రశ్నలు ఒడియాలో అడగొచ్చు. అమ్మగారు బజారు ఒడియా ఎంత బాగా మాట్లాడినా, అప్పజెప్పే పరీక్ష సొంత భాషలో కాకపోతే మార్కులు తగ్గుతాయి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. తెలుగులో అడగమని వినయంగా చెప్పండి, మీరు దుబాసీగా కూర్చోండి, కానీ జవాబులు అందించొద్దు. "ఈరోజు తారీఖెంత" అంటే తెల్లమొహం వేసి, "కార్తీక పున్నమి వెళ్లి నాలుగో రోజు" అని ఠక్కున చెప్పే ఆవిడకు కాలస్పృహ పోలేదు, ఆ జవాబు సరైనదే. చదువుకోనివాళ్లను వందలోంచి ఏడు తీసేయమనే బదులు, వందనోటుకు ముప్పైయేడు రూపాయల సరుకు తెస్తే చిల్లరెంత అని అడగాలి.

మాటవరసకు ఒకటి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిభ్రంశ రోగులను చూసి 2013లో ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్లలో కూడా. సరిహద్దులో ఇంటికో భాష, వీధికో భాష మాట్లాడే మనకు ఇది కాస్త ఊరటనిచ్చే సంగతే. రెండో భాష వస్తే జబ్బు రాదని కాదు.

వీటిలో ఏది కనిపించినా టెన్షనని ఆగొద్దు: గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా మొదలైన అయోమయం, మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, కొద్ది వారాల కింద తలకు దెబ్బ తగిలి ఉండటం, చిన్నదైనా సరే, పెద్దవాళ్లలో రక్తం నెమ్మదిగా చేరుతుంది. రాయగడ, కొరాపుట్ కొండ ప్రాంతాల్లో జ్వరంతో పాటు పిచ్చిమాటలు మొదలైతే అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. ఫాల్సిపరం రకం మలేరియా మెదడుకు ఎక్కితే గంటలు లెక్క.

పరీక్షలన్నీ బాగుండి, నిద్ర తెల్లవారుజామున మూడింటికే తెగిపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది దిగులు జబ్బు. చికిత్స మొదలయ్యాక మనసు తేలికపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, జ్ఞాపకం దాని వెనకే వస్తుంది. రెండు వారాలకే "మందు పనిచేయలేదు" అని మానేయడం అందరూ చేసే పొరపాటు. మందుతో పాటు వారంలో మూడు నాలుగు రోజులు 40 నిమిషాల చురుకైన నడక పెట్టండి, ఒంటరిగా కాదు, పక్కింటి వాళ్లతో.

మాత్రల సంగతి, ఇద్దరికీ వర్తిస్తుంది. నిద్రకని, టెన్షనుకని చీటీ లేకుండా దొరికే ఆల్ప్రజోలం, ఎటిజోలం, క్లోనజెపాం కొత్త జ్ఞాపకాలను పట్టనివ్వవు. పరీక్ష ముందురాత్రి అర ముక్క వేసుకుంటే దడ తగ్గుతుంది, ఆ తరవాత చదివింది మాత్రం నిలవదు. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్సు రావచ్చు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ పెద్దవాళ్లలో మరపు తెస్తాయి. చేతులు వణక్కుండా ప్రొప్రనలాల్ వాడే అలవాటు కోచింగు పిల్లల్లో కనిపిస్తోంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రాణాంతకం కావచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఆర్‌ఎంపీ ఇచ్చే "శక్తి మాత్రలు". ఒళ్లునొప్పులకు, ఆకలికి, బరువు పెరగడానికని ఇచ్చే తెల్లమాత్రల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ చాలాసార్లు ఉంటాయి. అవి కార్టిసాల్ కుటుంబం మందులే. ఒత్తిడి ఏ గ్రాహకాల ద్వారా జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుందో అవీ అక్కడే అతుక్కుంటాయి, పైగా షుగరు పెంచుతాయి, నిద్ర చెడగొడతాయి. మొహం గుండ్రంగా ఉబ్బి, బరువు పెరిగి, మరపు వస్తే ముందు ఈ మాత్ర గురించి అడగాలి. ఇవీ హఠాత్తుగా ఆపకూడదు, సొంత అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి, బీపీ పడిపోతుంది.

టానిక్కుల్లో బ్రాహ్మి మీద మాత్రం కొన్ని మంచి ప్రయోగాలున్నాయి. రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాలు వాడితే గుర్తుంచుకోవడంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది. పరీక్ష వారం ముందు కొన్న సీసాకు ఆ లెక్క వర్తించదు. మిగతావి తియ్యటి నీళ్లు, షుగరున్న అమ్మగారికి అసలు వద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారు వాడే ప్రతి మాత్ర అట్టను, ఆర్‌ఎంపీ పొట్లంతో సహా, సంచిలో వేసుకెళ్లండి. ఖైనీ, గుడాకు లాంటి పొగాకు అలవాటుంటే దాచకుండా చెప్పండి. ఏ రోజు ఏం మర్చిపోయారో రెండు వారాలు తేదీలతో రాసిన కాగితం ఒకటి చాలు, స్కానింగు కన్నా ముందు అదే అడుగుతారు. వెళ్లే వీలు కుదిరేలోపు మాట్లాడాలనిపిస్తే 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలి మానస్ ఉంది, 14416కు చేస్తే ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మీ ఇద్దరికీ అది పనికొస్తుంది.